గోచీ మీద ఇనుప చొక్కా: బరువైన కవచం తొడిగిన మాంక్‌ని కట్టడం ఎలా

శనివారం సాయంత్రం అయితే చాలు, మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీది ఆవకాయ జాడీ, నీళ్ల బాటిళ్లు కిందికి దిగుతాయి, మ్యాప్ పైకెక్కుతుంది. మొత్తం ఐదుగురం. ఇద్దరిది అనంతపురం, ఒకడిది నెల్లూరు, నాది నంద్యాల. డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపించే మనిషి) అన్న మాత్రం జయనగర్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన. కోపం వస్తే కన్నడలో తిడతాడు, ఆకలేస్తే తెలుగులో అడుగుతాడు. ఆయన ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి ఏడవుతుంది. మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్. ఒక్కొక్కరం ఒక్కో పాత్రను కట్టుకుని, డైస్ వేస్తూ కథలో నడిపించే ఆట ఇది.

మొన్న కొత్తగా చేరిన తమ్ముడు అడిగాడు: "అన్నా, మాంక్‌కి ప్లేట్ ఆర్మర్ తొడిగితే ఏమవుతుంది?" (మాంక్ అంటే ఒట్టి చేతులతో పోరాడే సన్యాసి పాత్ర, ప్లేట్ ఆర్మర్ అంటే ఒళ్లంతా కప్పే ఇనుప కవచం.) నలుగురం ఒక్క గొంతుతో "ఇంకేం మిగలదు" అన్నాం. తర్వాత పుస్తకం తెరిచి చూస్తే మా నలుగురిదీ తప్పు. మిగిలేది చాలానే ఉంది. ఏది పోతుందో ముందే తెలుసుకుని, దానికి తగ్గట్టు కట్టుకుంటే మంచి క్యారెక్టర్ అవుతుంది. ఎలా కట్టుకోవాలో చెబుతాను.

నేను ఎలా కట్టానో అలా మాత్రం మీరు కట్టకండి. రెండేళ్ల కిందట మూడో లెవెల్ మాంక్‌తో ఒక సమాధి దోచుకుంటుంటే చచ్చిన సైనికాధికారి ప్లేట్ ఆర్మర్ దొరికింది. వెనకా ముందూ చూడకుండా తొడిగేసి ఏసీ 18 అని షీట్ మీద రాసుకున్నాను. (ఏసీ అంటే ఆర్మర్ క్లాస్, శత్రువు దెబ్బ తగలాలంటే డైస్ మీద పడ్డదీ అతని బోనసూ కలిపి కనీసం చేరాల్సిన అంకె. ఇంకో ఏసీ అవసరం బెంగళూరుకు ఈ మధ్యే వచ్చింది.) నాలుగో సెషన్‌లో డీఎం అన్న మెల్లిగా అడిగాడు: "నీకు హెవీ ఆర్మర్ ప్రొఫిషియెన్సీ ఎక్కడిది?" లేదు. ఆ అర్హత లేకుండా కవచం తొడిగితే స్ట్రెంగ్త్ (బలం), డెక్స్ (చురుకుదనం) మీద వేసే ప్రతి అటాక్‌కీ, ప్రతి చెక్‌కీ (పని కుదిరిందా అని వేసే డైస్), ప్రతి సేవ్‌కీ (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే డైస్) డిసడ్వాంటేజ్. అంటే డీ20 (ఇరవై ముఖాల డైస్) రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవాలి. అప్పటికి మూడు సెషన్ల పాటు నేను కొట్టిన దెబ్బల్లో సగం చెల్లనివే. ఆ రాత్రి బిర్యానీ బిల్లు నా మీద పడింది.

ముందు అగ్రిమెంట్ చదవండి

మాంక్ ఈ ఆటలోకి వచ్చింది 1975లో, అసలు ఆట వెలువడిన మరుసటి ఏడాది. "మాంక్ కవచం తొడగకూడదు" అన్న మాట ఆటగాళ్ల నోళ్లలో ఎప్పటి నుంచో నానుతోంది. ఐదో ఎడిషన్ పుస్తకంలో మాత్రం అలాంటి నిషేధం ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఏమిటంటే, కొన్ని శక్తుల కింద "కవచం, డాలు లేనప్పుడు" అన్న షరతు.

బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోస్తామని అగ్రిమెంట్‌లో ఉంటే ఒక నెలే కోయాలి. అడ్వాన్స్ మొత్తం మునిగిందని ముందే ఏడిస్తే ఓనర్‌కి పండగ. మాంక్ విషయంలోనూ కాగితం మీద ఉన్నంతే కోత.

ఆ షరతు ఉన్నవి ముఖ్యంగా మూడు. ఒకటి అన్‌ఆర్మర్డ్ డిఫెన్స్: 10కి డెక్స్, విజ్‌డమ్ (వివేకం) మాడిఫయర్లు (ఆ సామర్థ్యాల అంకెల నుంచి వచ్చే చిన్న బోనస్‌లు) కలిపి ఏసీ లెక్కేసే పద్ధతి. కవచం ఉన్నప్పుడు ఇది ఎలాగూ అక్కర్లేదు. రెండోది అన్‌ఆర్మర్డ్ మూవ్‌మెంట్: మాంక్ రెండో లెవెల్‌లో 10 అడుగులు, మాంక్ ఆరో లెవెల్‌కి 15 అడుగులు, అలా పెరిగే పరుగు. ఇది పోతే నొప్పే. మూడోది మార్షల్ ఆర్ట్స్. అసలు దెబ్బ ఇక్కడే. పిడికిలికి పెద్ద డైస్, స్ట్రెంగ్త్ బదులు డెక్స్ వాడుకునే వీలు, ప్రతి టర్న్‌లోనూ ఉచితంగా ఒక బోనస్ గుద్దు, మూడూ ఒకేసారి పోతాయి. మిగిలేది 1 ప్లస్ స్ట్రెంగ్త్ మాడిఫయర్. అంటే దారిన పోయే దానయ్య గుద్దే గుద్దు.

ఇక షరతు లేనివి చూడండి: కీ పాయింట్లు (మాంక్ ప్రత్యేక శక్తులకు ఖర్చుపెట్టేవి), ఫ్లరీ ఆఫ్ బ్లోస్ (ఒక కీకి రెండు అదనపు గుద్దులు), పేషెంట్ డిఫెన్స్, స్టెప్ ఆఫ్ ది విండ్, డిఫ్లెక్ట్ మిసైల్స్, స్లో ఫాల్, ఎక్స్‌ట్రా అటాక్, స్టన్నింగ్ స్ట్రైక్ (శత్రువును కాసేపు కదలకుండా చేసే దెబ్బ, అదే స్టన్), ఇవేషన్ (మంటల్లాంటి వాటి నుంచి ఒడుపుగా తప్పించుకోవడం). ఒక్కదాని కింద కూడా కవచం మాట లేదు. మాంక్ శక్తుల్లో జనం గొప్పగా చెప్పుకునేవి దాదాపు అన్నీ ఈ జాబితాలోనే ఉన్నాయి.

కాబట్టి మన పని రెండే ముక్కలు. కవచం తొడిగే అర్హత సంపాదించాలి, పోయిన పిడికిలిని ఇంకో దారిలో తెచ్చుకోవాలి. అయితే ఇది కౌపీన సంరక్షణార్థం కథలాగే సాగుతుంది. గోచీని ఎలుక కొరికిందని సన్యాసి పిల్లిని పెంచాడు, పిల్లి పాల కోసం ఆవును తెచ్చాడు, ఆవును మేపడానికి పెళ్లి చేసుకున్నాడు. ఇక్కడ కవచం కోసం ఫైటర్ (ఆయుధాలతో పోరాడే యోధుడి పాత్ర) లెవెల్, దాన్ని మోయడానికి స్ట్రెంగ్త్, మాంక్‌లోకి రావడానికి డెక్స్, కీ పనిచేయడానికి విజ్‌డమ్. సంసారం పెరిగిపోకుండా ఎక్కడ ఆగాలో చూసుకుంటూ వెళ్దాం.

మొదటి లెవెల్ ఫైటర్, మాంక్ కాదు

ఇది చాలామంది తప్పే చోటు. ముందు మాంక్‌గా మొదలుపెట్టి తర్వాత ఫైటర్ ఒక లెవెల్ తీసుకుంటే లైట్, మీడియం కవచాలు, డాలు మాత్రమే వస్తాయి. హెవీ రాదు. మొట్టమొదటి లెవెల్ ఫైటర్‌ది అయితేనే హెవీ ఆర్మర్ అర్హత వస్తుంది. ఆ వరుస తారుమారైతే తర్వాత ఫీట్ (కొన్ని లెవెల్స్‌లో ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) ఖర్చుపెట్టి కొనుక్కోవాలి.

ఫైటర్‌గా మొదలుపెడితే ఇంకా లాభాలున్నాయి. మొదటి లెవెల్‌లో 10 హిట్ పాయింట్లకు (ప్రాణం లెక్క) కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) మాడిఫయర్ కలుస్తుంది, మాంక్‌కి అయితే 8కే కలుస్తుంది. మొదటి సామానుగా చైన్ మెయిల్ ఎంచుకోవచ్చు, ఏసీ 16. రూపాయి ఖర్చు లేదు. యుద్ధం మధ్యలో ఊపిరి పీల్చుకుని కొంచెం ప్రాణం తెచ్చుకునే సెకండ్ విండ్ కూడా ఉంటుంది.

అసలైన లాభం ఫైటింగ్ స్టైల్. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో అన్‌ఆర్మ్‌డ్ ఫైటింగ్ అనే స్టైల్ ఉంది. దీనితో మీ పిడికిలి దెబ్బ డీ6 (ఆరు ముఖాల డైస్) ప్లస్ స్ట్రెంగ్త్. చేతిలో ఆయుధం గానీ డాలు గానీ లేకపోతే డీ8. కవచం ఉందా లేదా అని ఈ స్టైల్ అడగదు. మార్షల్ ఆర్ట్స్ పోయిందని ఏడ్చిన చోటే ఇంతకంటే పెద్ద డైస్ దొరికింది. మామూలు మాంక్ పిడికిలికి డీ8 వచ్చేది పదకొండో లెవెల్‌లో.

హెవీ ఆర్మర్ ఇచ్చే లైఫ్ డొమైన్ క్లెరిక్ (దైవశక్తి ఉన్న పూజారి పాత్ర) లెవెల్‌తో కూడా ఈ పని కొంత జరుగుతుంది. కానీ పిడికిలి సమస్య తీరదు. నేను ఆ దారి తొక్కను.

27 పాయింట్లు ఎలా పంచాలి

పాయింట్ బై, అంటే సామర్థ్యాల అంకెలు కొనుక్కునే పద్ధతిలో 27 పాయింట్లు. స్ట్రెంగ్త్ 15కి 9 పాయింట్లు, విజ్‌డమ్ 15కి ఇంకో 9, డెక్స్ 13కి 5, కాన్‌స్టిట్యూషన్ 12కి 4. మొత్తం 27 అయిపోయాయి. ఇంటెలిజెన్స్, కరిష్మా రెండూ 8. మాటకారితనం, పుస్తకజ్ఞానం రెండూ లేని మనిషి. వేరే వాళ్లు మాట్లాడుతుంటే వెనకాల నిలబడి చేతులు కట్టుకుంటాడు.

డెక్స్ 13 ఎందుకంటే, మాంక్‌గా మల్టీక్లాస్ కావాలంటే (ఒకే పాత్రలో రెండో క్లాస్ కలపాలంటే) డెక్స్, విజ్‌డమ్ రెండూ కనీసం 13 ఉండాలి. అది ఎంట్రీ టికెట్ అనుకోండి. దాని మీద ఇంకో పాయింట్ కూడా పెట్టకండి, కవచం తొడిగాక ఏసీకి డెక్స్ కలవదు.

జాతి విషయంలో మౌంటెన్ డ్వార్ఫ్‌ని (కొండ మరుగుజ్జు) మించింది నాకు కనబడలేదు. రెండు చోట్ల +2 వచ్చే జాతి ఇది. పుస్తకంలో అవి స్ట్రెంగ్త్, కాన్‌స్టిట్యూషన్‌కి రాసి ఉంటాయి. టాషాలో ఇంకో రూల్ ఉంది, వాటిని మీకు కావలసిన చోట పెట్టుకోవచ్చు. డీఎం ఒప్పుకుంటే ఒకటి స్ట్రెంగ్త్‌కి, ఒకటి విజ్‌డమ్‌కి ఇవ్వండి. 17, 17 అవుతాయి. డీఎం ఒప్పుకోకపోతే విజ్‌డమ్‌ని 13 దగ్గర ఆపి, మిగిలిన పాయింట్లతో కాన్‌స్టిట్యూషన్ పెంచుకోండి. స్టన్ అంతగా తగలదు, ప్రాణం మాత్రం ఎక్కువ ఉంటుంది.

డ్వార్ఫ్ నడక 25 అడుగులే. నిదానం. కానీ కవచం బరువుకి అది ఇంకా తగ్గదని రూల్‌లోనే ఉంది. ప్లేట్ ఆర్మర్ బరువు 65 పౌండ్లు, మన లెక్కలో 29 కిలోలకు పైనే. ఊరి నుంచి సోనామసూరి 25 కిలోల బస్తా తెచ్చుకుని, లిఫ్ట్ పాడైన రోజు మూడో అంతస్తుకు మోసినవాళ్లకు ఆ బరువు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ బస్తాను ఒంటి నిండా కట్టుకుని తన్నే మనిషిని మనం తయారు చేస్తున్నాం.

కవచాల మెట్లు ఇవి. మొదట చైన్ మెయిల్, ఏసీ 16. తర్వాత స్ప్లింట్, ఏసీ 17, ధర 200 బంగారు నాణేలు. చివర ప్లేట్, ఏసీ 18, ధర 1500. వీటన్నిటిలోనూ దొంగచాటుగా నడిచే స్టెల్త్ చెక్‌కి డిసడ్వాంటేజ్ తప్పదు. పార్టీలో రోగ్ (చాటుగా తిరిగే దొంగ పాత్ర) ఉంటే అతనికి ముందే క్షమాపణ చెప్పుకోండి.

ఆరో లెవెల్ దాకా ఓపిక

రెండో లెవెల్ నుంచి వరుసగా మాంక్ తీసుకుంటూ వెళ్లండి. మాంక్ మొదటి లెవెల్ వచ్చిన రోజు మీకు కొత్తగా చేతికందేది దాదాపు సున్నా. ఆ లెవెల్ ఇచ్చేవన్నీ కవచం లేనప్పుడు పనిచేసేవే. ఒక్క లెవెల్ ఓర్చుకోండి.

మూడో లెవెల్, అంటే మాంక్ రెండు, అక్కడ కీ మొదలవుతుంది. మాంక్ లెవెల్ ఎంతో అన్ని పాయింట్లు, షార్ట్ రెస్ట్ తీసుకుంటే మళ్లీ నిండుతాయి. మేం వీటికి చింతపిక్కలు వాడతాం. మా అమ్మ చింతపండుతో పాటు పంపిన సంచిలోంచి ఏరి, కడిగి, ఎండబెట్టినవి. షీట్ మీద పెన్సిల్‌తో గీతలు కొట్టడం కంటే, చింతపిక్కను టేబుల్ మధ్యకు తోసినప్పుడు ఖర్చు మనసుకి తగులుతుంది. వామనగుంటలు ఆడినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు.

నాలుగో లెవెల్‌లో సంప్రదాయం, అంటే మాంక్‌లో ఏ శాఖో ఎంచుకోవాలి. నా ఓటు ఓపెన్ హ్యాండ్‌కే. ఫ్లరీతో తగిలిన ప్రతి దెబ్బకీ శత్రువును పడగొట్టవచ్చు, లేదా 15 అడుగులు వెనక్కి నెట్టవచ్చు, లేదా అతని రియాక్షన్ (ఎదురు చర్య) లాక్కోవచ్చు. మొదటి రెంటికి వాడు సేవ్ వేస్తాడు, మూడోదానికి అదీ లేదు. పరుగు లేని మనకు శత్రువును తోసే శక్తి బాగా పనికొస్తుంది. విజ్‌డమ్‌తో గుద్దే ఆస్ట్రల్ సెల్ఫ్ కూడా కవచంలో పనిచేస్తుంది. కానీ అన్‌ఆర్మ్‌డ్ స్టైల్‌తో దాన్ని కలిపితే డ్యామేజ్ లెక్క దగ్గర వాదన వస్తుంది. మా టేబుల్ మీద నలభై నిమిషాలు నడిచింది.

ఐదో లెవెల్‌లో ఫీట్. హెవీ ఆర్మర్ మాస్టర్ తీసుకోండి. స్ట్రెంగ్త్ 17 కాస్తా 18 అవుతుంది. మాయ లేని ఆయుధాలతో కొట్టిన ప్రతి దెబ్బ నుంచి 3 పాయింట్లు తగ్గుతాయి. నలుగురు గోబ్లిన్లు చుట్టుముట్టినప్పుడు ఈ 3 ఎంత పెద్దదో తెలుస్తుంది. పెద్ద రాక్షసుడి ముందు అంత అనిపించదు.

ఇదే ఐదో లెవెల్‌లో పక్కనున్న ఫైటర్‌కి, బార్బేరియన్‌కి రెండో అటాక్ వచ్చేస్తుంది. మీకు రాదు, ఒక లెవెల్ వెనకున్నారు కదా. కొంచెం కడుపుమంట తప్పదు. ఆరో లెవెల్‌లో మాంక్ ఐదు పూర్తయి ఎక్స్‌ట్రా అటాక్, స్టన్నింగ్ స్ట్రైక్ రెండూ కలిసి వస్తాయి. బిల్డ్ అసలు నిలబడేది ఇక్కడే.

ఆరో లెవెల్‌లో లెక్క

2014 రూల్స్‌లో ఫ్లరీ షరతు ఒకటే: మీ టర్న్‌లో అటాక్ యాక్షన్ తీసుకుని ఉండాలి. ఏ ఆయుధంతో అని అడగదు. స్టన్నింగ్ స్ట్రైక్ కూడా అంతే, మీలీ (దగ్గర నుంచి కొట్టే) ఆయుధ దెబ్బ ఏదైనా సరే. కాబట్టి రెండు చేతుల గ్రేట్‌సోర్డ్ పట్టుకోండి. ఫైటర్‌గా మొదలుపెట్టారు కాబట్టి అర్హత ఉంది. కత్తితో రెండు వేట్లు, తర్వాత ఒక చింతపిక్క తోసి రెండు తన్నులు. పిడికిలే కానక్కర్లేదు, మోకాలైనా మోచెయ్యైనా అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైకే.

కత్తి వేటు సగటున 7 ప్లస్ 4, అంటే 11. రెండింటికీ 22. చేతిలో కత్తి ఉంది కాబట్టి తన్ను డీ6, సగటు మూడున్నర ప్లస్ 4. రెండింటికీ 15. నాలుగూ తగిలితే 37. కత్తి వద్దు, ఒట్టి చేతులే ముద్దు అనుకుంటే నాలుగు గుద్దులూ డీ8 ప్లస్ 4, మొత్తం 34. అదే ఆరో లెవెల్‌లో డెక్స్ 18 ఉన్న మామూలు మాంక్ కర్ర రెండు చేతులా పట్టి కొట్టి, ఫ్లరీ కూడా చేస్తే 32. అతని విజ్‌డమ్ 16 అనుకుంటే ఏసీ 17. మనది స్ప్లింట్‌లో 17, ప్లేట్ కొంటే 18. స్టన్‌కి ఎదుటివాడు అందుకోవాల్సిన అంకె ఇద్దరికీ ఒకటే, 14.

అయితే అతను ఒక టర్న్‌లో 45 అడుగులు పరిగెత్తుతాడు, మనం 25. చేతికందే దూరంలో లేని శత్రువు విలుకాడైతే ఈ లెక్కంతా గాలికి. అందుకే ఈ మాంక్‌ని మామూలు మాంక్‌లా ఆడకండి. వెనక వరుసలోని మంత్రగాణ్ణి వెతుక్కుంటూ ఉరకడం మన పని కాదు. ఇరుకైన చోటు చూసుకుని పాతుకుపోవాలి.

మొన్నటి ఆటలో తమ్ముడు ఇదే చేశాడు. గుహలో ఒక సందు, వెడల్పు ఐదు అడుగులు. అవతల ఐదుగురు ఆర్క్‌లు, వెనకాల మా విజార్డ్ (మంత్రగాడు) చివరి ఊపిరి మీద. తమ్ముడు సందులో నిలబడి ఒక చింతపిక్క తోశాడు. "పేషెంట్ డిఫెన్స్." అంటే కత్తితో కొడుతూనే బోనస్ యాక్షన్‌గా డాడ్జ్ (దెబ్బలు తప్పించుకోవడం). ఆర్క్ అటాక్‌కి +5. ఏసీ 18 తగలాలంటే 13 పడాలి. మామూలుగా అది వందకు నలభై సార్లు. డాడ్జ్ ఉన్నప్పుడు రెండు డైస్ మీదా 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, వందకు పదహారు సార్లు. డీఎం అన్న డైస్ వేసి, చూసి, మళ్లీ వేసి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. మూడు రౌండ్లు, మూడు చింతపిక్కలు. తగిలింది ఒక్క గొడ్డలి దెబ్బ, అందులోనూ 3 తగ్గింది.

అందుకని కీ ఖర్చులో నా వరుస ఇది. విజార్డో క్లెరిక్కో ప్రమాదంలో ఉంటే ముందు పేషెంట్ డిఫెన్స్. ఎదురుగా ఒకే ఒక పెద్ద శత్రువు ఉంటే స్టన్. రెండూ కానప్పుడే ఫ్లరీ. ఆరో లెవెల్‌లో చేతిలో ఉన్నవి ఐదే చింతపిక్కలని మరవద్దు. ఫ్లరీ చేసి రెండు స్టన్‌లు కూడా ప్రయత్నిస్తే ఒక్క టర్న్‌లో మూడు ఖాళీ.

తర్వాతి లెవెల్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మాంక్ ఏడు దాకా వెళ్లి ఇవేషన్ తెచ్చుకోండి, ఆ తర్వాత ఫైటర్ రెండో లెవెల్ తీసుకుంటే యాక్షన్ సర్జ్ (ఒక టర్న్‌లో అదనపు యాక్షన్) వస్తుంది. అక్కడ ఆగి మళ్లీ మాంక్.

డీఎంని ముందే అడగండి

ఆట మొదలయ్యాక టేబుల్ దగ్గర కాదు, ముందు రోజే వాట్సాప్‌లో అడగండి. టాషా పుస్తకం వాడుకోవచ్చా? +2లు మార్చుకోవచ్చా? కవచం ఉండగా ఫ్లరీ చేయవచ్చని మీరూ ఒప్పుకుంటారా? మూడో ప్రశ్నకు చాలామంది డీఎంలు మొదట "కుదరదు" అంటారు. అప్పుడు పేరా చూపించండి, వాదించకండి. పుస్తకం కొనకపోయినా ఫర్వాలేదు. 2014 రూల్స్‌లోని ముఖ్యమైన భాగం ఎస్‌ఆర్‌డీ (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) 5.1 పేరుతో 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా దొరుకుతోంది. మాంక్, ఫైటర్ రెండూ అందులో ఉన్నాయి. అన్‌ఆర్మ్‌డ్ స్టైల్ మాత్రం లేదు.

మీ టేబుల్ 2024 రూల్స్‌కి మారిపోయి ఉంటే ఒక్క జాగ్రత్త. అక్కడ కీ పేరు ఫోకస్ అయింది. స్టన్నింగ్ స్ట్రైక్ టర్న్‌కి ఒక్కసారే, అదీ పిడికిలితోనో మాంక్ ఆయుధంతోనో తగిలితేనే. గ్రేట్‌సోర్డ్ కథ అక్కడ నడవదు. ఒట్టి చేతులతో కట్టుకోండి.

ఆయన ఎందుకు తొడిగాడు

లెక్కలు కుదిరాక మనిషి కావాలి. సర్వసంగ పరిత్యాగి ఒంటి మీద ముప్పై కిలోల ఇనుము ఎందుకు? దీన్ని దాటవేస్తే అది క్యారెక్టర్ కాదు, ఎక్సెల్ షీట్.

తమ్ముడు తన డ్వార్ఫ్‌కి దీక్ష ఇచ్చాడు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం పాటు నల్లబట్టలు కట్టినట్టు, ఈయన ఇనుము కట్టాడు. గురువు కాపలా పెట్టిన ధాన్యపు కొట్టు ఈయన నిద్రపోయిన రాత్రి తగలబడింది. దోషి దొరికే దాకా పగటి పూట కవచం విప్పనని మొక్కు. చెప్పులు మాత్రం వేసుకోడు. ఆ చెప్పుల్లేని పాదాల వల్లే తన్నులు అందరికీ గుర్తుంటున్నాయి.

మన దగ్గర ఇలాంటి కవచాలకు కొదవ లేదు. భారతంలో సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసిన మరునాడు, ద్రోణుడు దుర్యోధనుడికి మంత్రించిన కవచం కట్టి పంపుతాడు. అర్జునుడి బాణాలు దాని మీద పనిచేయవు. అప్పుడు అర్జునుడు కవచం కప్పని అరచేతుల్లోకి కొడతాడు. మీ మాంక్‌కి కూడా ఆ అరచేయి ఎక్కడుందో రాసి పెట్టుకోండి. ఈ బిల్డ్‌లో అది డెక్స్ సేవ్. ఫైటర్‌గా మొదలైనందుకు స్ట్రెంగ్త్, కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లు గట్టిగా ఉంటాయి, డెక్స్‌కి మాత్రం ఒట్టి +1. ఇవేషన్ వచ్చే దాకా ఫైర్‌బాల్ (నిప్పుల మంత్రం) పడితే లోపల పప్పు ఉడికినట్టే. మా డీఎం అన్నకి ఈ సంగతి రెండో వారానికే తెలిసిపోయింది.

రాత్రి రెండు గంటలకు

ఆఖరుగా, ఈ బిల్డ్‌లో నాకు బాగా నచ్చిన ముక్క. బరువైన కవచం తొడగడానికి 10 నిమిషాలు, విప్పడానికి 5 నిమిషాలు. అందుకే డీఎంలకు ప్లేట్ తొడిగే ఫైటర్ మీద రాత్రి దాడులంటే సరదా. నిద్రలో ఉన్న ఫైటర్ ఏసీ 10 దగ్గరో 11 దగ్గరో ఉంటుంది. తొడుక్కునే లోపు యుద్ధం అయిపోతుంది.

మన మాంక్ కవచం విప్పగానే, షరతు వల్ల ఇన్నాళ్లూ మూలన పడి ఉన్న మూడు శక్తులూ లేచి కూర్చుంటాయి. ఏసీ 10 ప్లస్ డెక్స్ 1 ప్లస్ విజ్‌డమ్ 3, మొత్తం 14. నడక 25 నుంచి 35కి పెరుగుతుంది. కీ ఖర్చు లేకుండా బోనస్ గుద్దు మళ్లీ వస్తుంది, అదీ డీ8. కత్తి జోలికి మాత్రం వెళ్లకూడదు, గ్రేట్‌సోర్డ్ మాంక్ ఆయుధం కాదు కాబట్టి అది చేతిలో ఉంటే మార్షల్ ఆర్ట్స్ పనిచేయదు. అందుకని షీట్ వెనక ఇంకో చిన్న గడి గీసుకుని "కవచం లేనప్పుడు" అని పేరు పెట్టి, ఈ అంకెలన్నీ ముందే రాసి ఉంచుకోండి. అర్ధరాత్రి లెక్కలు వేస్తూ కూర్చుంటే టేబుల్ అంతా నిద్రపోతుంది.

మా ఆటలో ఆ రాత్రి దాడి పోయిన వారమే వచ్చింది. బయట వాన, ఒకసారి కరెంటు పోయి వచ్చింది. డీఎం అన్న స్క్రీన్ వెనక నుంచి తల పైకెత్తి, తమ్ముడి వంక చూసి, చాలా ప్రేమగా అడిగాడు: "కవచం విప్పే పడుకున్నావు కదా స్వామీ? ఏసీ ఎంత, పదకొండా?"

తమ్ముడు షీట్ తిప్పి చూపించాడు.

"పద్నాలుగు అన్నా. ఇంకో మాట, నేను ఇప్పుడు ముప్పై ఐదు అడుగులు నడుస్తాను."